దగ్గుకు గడువు చెప్పండి

నరసరావుపేటలో బస్టాండుకు దగ్గర్లో మాకు మందుల షాపు ఉంది. నేను ఫార్మసిస్టుని. కార్తీకం వెళ్లి మంచు మొదలైన దగ్గర్నుంచి మిరపకాయల సీజను ముగిసేదాకా కౌంటర్ ముందు నిలబడేవాళ్ల నోట ఎక్కువగా వినబడే మాట ఒకటే. "ఛాతీలో నిమ్ము చేరిందమ్మా. జలుబు తగ్గింది గానీ దగ్గు పోవట్లేదు. కాస్త పవరున్న మందు ఇవ్వు." అప్పటికే వాళ్లు ఒక మందు వాడి ఉంటారు. చాలామంది రెండు కూడా వాడి ఉంటారు. చొక్కా జేబులోంచి ఖాళీ స్ట్రిప్పు తీసి కౌంటర్ మీద పెట్టి, ఇది పనిచేయలేదు, దీనికన్నా పెద్దది కావాలంటారు.

డాక్టర్లు దీన్ని అక్యూట్ బ్రాంకైటిస్ అంటారు. ముక్కులో, గొంతులో మొదలైన జలుబు కిందికి దిగి, ఊపిరితిత్తుల్లోకి గాలి తీసుకుపోయే గొట్టాల లోపొర వాచిపోవడం. ఈ జబ్బుకు మందు రాసేవాళ్లున్నారు, అమ్మేవాళ్లున్నారు, సలహా చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. ఇది ఎన్నాళ్లుంటుందో చెప్పేవాళ్లు మాత్రం లేరు. నా బాధంతా దాని గురించే. ఆ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే, మా షాపులోంచి, ఊళ్లోని మిగతా షాపుల్లోంచి దగ్గు పేరుతో బయటికి వెళ్లే యాంటీబయాటిక్‌లలో చాలాభాగం వెళ్లేవే కావు.

అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ ఎబెల్, ఆయన సహచరులు 2013లో ఒక మంచి పని చేశారు. జార్జియా రాష్ట్రంలో మామూలు జనాన్ని, ఇలాంటి దగ్గు వస్తే ఎన్నాళ్లకు తగ్గుతుందనుకుంటున్నారని అడిగారు. ఏడు నుంచి తొమ్మిది రోజులు అన్నారు. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి నిజంగా ఎన్నాళ్లుంటోందో లెక్క తీస్తే సగటున 17.8 రోజులు వచ్చింది. సగటంటే కొందరికి పన్నెండు రోజులకే పోతుంది, కొందరికి మూడు వారాలు దాటుతుంది. జనం అనుకునేదానికీ, ఒంట్లో జరిగేదానికీ మధ్య పది రోజుల తేడా ఉంది. నరసరావుపేటలో అడిగినా జార్జియాలో చెప్పిన జవాబే వస్తుందని నా కౌంటర్ నాకు రోజూ చెబుతూనే ఉంది. వారం గడిచింది, తగ్గలేదు, కాబట్టి ఏదో తేడా చేసిందని మనిషికి భయం పట్టుకుంటుంది.

ఆ పది రోజుల్లోనే యాంటీబయాటిక్ వ్యాపారమంతా జరుగుతోంది. ఎనిమిదో రోజున అజిత్రోమైసిన్ మూడు గోలీలు మింగుతారు. తగ్గదు. పన్నెండో రోజున సెఫిక్సిమ్ మొదలుపెడతారు. తగ్గదు. పదహారో రోజున ఇంకేదో పెద్దది వేసుకుంటారు. పద్దెనిమిదో రోజున దగ్గు దానంతటది సర్దుకుంటుంది. పేరేమో మూడో మందుకు దక్కుతుంది. మరుసటి ఏడు దగ్గు రాగానే అదే మూడో మందు పేరు చెప్పి, మొదటి రోజునే అడుగుతారు. ఇంట్లో పిల్లలకు, పక్కింటివాళ్లకు కూడా అదే చెబుతారు. ఇందులో ఎవరి తెలివితక్కువతనమూ లేదు. కళ్లముందు జరిగింది చూసి అనుకున్నదే. చూసిన దాంట్లో ఒక అంకె లేదు, అంతే.

పోయిన చలికాలం చివర్లో ఒక తాపీ మేస్త్రి వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయేమో. సిమెంటు మరకలున్న చేత్తో క్యారీబ్యాగ్ విప్పి మూడు వరసగా పేర్చాడు. అజిత్రోమైసిన్ 500 స్ట్రిప్పు, మూడు గుంతలూ ఖాళీ. సెఫిక్సిమ్ 200 స్ట్రిప్పు, పదింటిలో నాలుగు మిగిలున్నాయి. మూడోది ఊళ్లో ఆర్ఎంపీ రాసిచ్చిన చీటీ, దాని మీద లెవోఫ్లాక్సాసిన్ 500.

"దగ్గు ఎప్పుడు మొదలైంది బాబాయ్?"

"కోటప్పకొండ తిరునాళ్లకి నాలుగైదు రోజుల ముందమ్మా."

మా వైపు తేదీలు ఎవరూ చెప్పరు. శివరాత్రో, సంక్రాంతో, పెళ్లో, చావో చెబుతారు, మనం లెక్కేసుకోవాలి. తిరునాళ్ల వెళ్లి పదకొండో రోజది. అంటే దగ్గుకు రెండు వారాలు దాటింది. జ్వరం మొదటి రెండు రోజులే ఉంది. ఇటుకలు మోస్తూ పరంజా ఎక్కుతున్నాడు, ఆయాసం లేదు. కళ్లెలో రక్తపు చార లేదు. రాత్రిపూట చెమటలు పట్టడం, బరువు తగ్గడం లేవు. నిలబడి మాట్లాడుతున్నప్పుడే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నాడో చూశాను, మామూలుగానే ఉంది. వేలికి ఆక్సీమీటర్ పెడితే 98 చూపించింది. ఆ చీటీ తీసుకుని, ఈ గోలీలు ఇప్పుడు వద్దు, ప్రభుత్వాసుపత్రికి వెళ్లి కళ్లె పరీక్ష చేయించుకో, డబ్బులడగరు అని చెప్పాను. కాసేపు వాదించాడు. మందుల షాపుకొస్తే మందు ఇవ్వకుండా పంపడమేమిటన్నాడు. చివరికి వెళ్లాడు. పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆ వచ్చే వారంలో దగ్గు పూర్తిగా పోయింది. లెవోఫ్లాక్సాసిన్ వేసుకుని ఉంటే, అదే తగ్గించిందని ఆయన జీవితాంతం నమ్మేవాడు.

అసలు దగ్గు అన్నాళ్లు ఎందుకుంటుందో కూడా చెప్పాలి, లేకపోతే గడువు మాట ఎవరూ నమ్మరు. పెద్దవాళ్లకు వచ్చే ఈ జబ్బులో పదింటికి తొమ్మిదిపైగా వైరస్‌ల వల్ల వచ్చేవే. ఫ్లూ, రైనో, ఆర్ఎస్‌వీ, మామూలు జలుబు తెచ్చే పాత కరోనా వైరస్‌లు. ముందు ముక్కు కారడం, గొంతు గరగర, ఒళ్లునొప్పులు, కొద్దిపాటి జ్వరం. మూడు నాలుగు రోజులకు అవి తగ్గుముఖం పడుతుండగా దగ్గు బలపడుతుంది. మొదట పొడిదగ్గు, తర్వాత కళ్లె. దగ్గీ దగ్గీ రొమ్ము ఎముక వెనక మంట, పక్కటెముకల్లో నొప్పి. కొందరికి రాత్రిళ్లు పిల్లికూతలు. వైరస్ చాలావరకు వారంలోపే పోతుంది. కానీ అది పోతూ పోతూ గాలిగొట్టాల లోపొరను చెక్కేసి పోతుంది. ఆ పొర మీద సన్నటి నూగులాంటి వెంట్రుకలుంటాయి. ధూళినీ కఫాన్నీ పైకి నెట్టేవి అవే. అవి రాలిపోతాయి. మోకాలు దోక్కుపోయిన చోట కొత్త చర్మం వచ్చేదాకా నీళ్లు తగిలినా చురుక్కుమన్నట్టు, ఆ గొట్టాల్లో కొత్త పొర వచ్చేదాకా ఏది తగిలినా దగ్గే. చల్లగాలి, అగరొత్తుల పొగ, వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు ఘాటు, నవ్వు, గట్టిగా మాట్లాడటం, ఏదైనా సరే. ఆ పొర తిరిగి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. దాన్ని తొందరగా మొలిపించే గోలీ ఏ షాపులోనూ లేదు. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను. అక్కడ చంపడానికి బ్యాక్టీరియా లేదు, వైరస్ కూడా ఎప్పుడో వెళ్లిపోయింది.

యాంటీబయాటిక్ ఇచ్చి చూశారా అంటే, చూశారు. 12 ఐరోపా దేశాల్లో రెండువేల మందికి పైగా పెద్దవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2013లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చాయి. సగం మందికి వారం పాటు అమాక్సిసిలిన్, సగం మందికి ఉత్తుత్తి గోలీ ఇచ్చారు. కోలుకోవడానికి పట్టిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వికారం, విరేచనాలు, దద్దుర్లు మాత్రం అసలు మందు మింగినవాళ్లకు ఎక్కువగా వచ్చాయి. ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, యాంటీబయాటిక్ వల్ల దగ్గు తగ్గేది సుమారు ఒక పూట ముందని తేల్చింది. రెండు వారాలపైన ఉండే దగ్గులో పూట ముందు తగ్గడమంటే మనిషికి తెలియను కూడా తెలియదు. స్టెరాయిడ్‌దీ అంతే. ఇంగ్లండులో ఆస్తమా లేని పెద్దవాళ్లకు ఐదు రోజులు ప్రెడ్నిసొలోన్ ఇచ్చి చూశారు, 2017లో ఫలితం చెప్పారు. దగ్గు తగ్గే రోజులు మారలేదు. మా వైపు మాత్రం డెక్సా అనే స్టెరాయిడ్ సూది లేని దగ్గు వైద్యం ఉండదు. ఆ సూది వేసిన రెండు పూటలు ఒళ్లు తేలిగ్గా, ఆకలిగా ఉంటుంది. షుగర్ ఉన్నవాడికి మర్నాడు షుగర్ మూడొందలు దాటొచ్చు.

కళ్లె రంగు గురించి కూడా ఒక మాట. "పచ్చగా పడుతోందమ్మా, ఇన్ఫెక్షనే" అంటారు. డాక్టర్లు కూడా కొందరు అదే అంటారు. ఆ పచ్చదనం మన తెల్లకణాలది. వైరస్‌తో పోట్లాడటానికి వచ్చిన తెల్లకణాల్లో ఉండే ఒక ఎంజైమ్ రంగే ఆకుపచ్చ. ఒంట్లో పోరాటం నడుస్తోందని అది చెబుతుంది తప్ప, శత్రువు ఎవరో చెప్పదు. రంగు చూసి మందు మార్చాల్సిన పని లేదు.

అజిత్రోమైసిన్ అంటే జనానికి ఇంత నమ్మకం కరోనా రోజుల్లో ముదిరింది. అప్పట్లో కిట్లలో అది ఉండేది, వాట్సాప్‌లో తిరిగే ప్రతి చీటీలో ఉండేది. కరోనాకు దానివల్ల ఉపయోగం లేదని ఇంగ్లండులో జరిగిన పెద్ద పరీక్షలు 2021కల్లా తేల్చాయి. ఆ సంగతి మా కౌంటర్ దాకా రాలేదు. పేరు మాత్రం ఉండిపోయింది. అక్షరం రానివాళ్లు కూడా "అజిత్రో ఐదొందలు" అని అడుగుతారు. మూడు గోలీలు డెబ్బై, ఎనభై రూపాయలకు వస్తాయి. ఒక పూట డాక్టరు ఫీజులో నాలుగో వంతు కాదు. మూడు రోజులకు అయిపోతుంది. కానీ ఆ మందు ఒంట్లోంచి అంత త్వరగా పోదు. మూడో గోలీ మింగాక కూడా వారం పైనే కండరాల్లో, కణాల్లో కొద్దికొద్దిగా ఉంటుంది. ఒంట్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియాకు ఆ మందుకు లొంగకుండా బతకడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం దొరకదు.

దీనివల్ల నష్టం ఎక్కడో ప్రపంచానికని చెబితే ఎవరి మనసుకూ ఎక్కదు. మా ఊరి లెక్కలో చెబుతాను. ఎండాకాలం వచ్చి నీళ్లు చెడితే టైఫాయిడ్ వస్తుంది. ఒకప్పుడు దానికి సిప్రోఫ్లాక్సాసిన్ గోలీతో ఇంట్లోనే తగ్గేది. ఆ మందును విరేచనాలకు, జ్వరాలకు, అన్నిటికీ వాడి వాడి, మన దేశంలో టైఫాయిడ్ క్రిమి దానికి లొంగడం చాలావరకు మానేసింది. ఇప్పుడు నోటి ద్వారా ఇచ్చి నమ్మగలిగే గోలీల్లో అజిత్రోమైసిన్ ముఖ్యమైనది. అదీ పోతే మరింతమంది టైఫాయిడ్ రోగులకు ఆసుపత్రిలో మంచం, నరానికి సూది. కూలి చేసుకునే ఇంట్లో ఒక మనిషి పది రోజులు మంచాన పడితే, తోడు మరో మనిషి పని మానేస్తే, ఆ ఇంటికి ఎంతవుతుందో నాకు బాగా తెలుసు. అప్పు చేసి మందులు కొనేది మా షాపులోనే.

ఇంతకన్నా పెద్ద నష్టం లెవోఫ్లాక్సాసిన్‌తో ఉంది. క్షయ రోగుల్లో ప్రపంచం మొత్తం మీద పావు వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించాలన్నది మన జాతీయ కార్యక్రమం పెట్టిన నియమం. లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ రకం మందులు క్షయ క్రిమిని కూడా కొంత అణుస్తాయి, పూర్తిగా చంపవు. రోగికి పదిరోజులు బాగున్నట్టుంటుంది. ఆ మధ్యలో పరీక్ష చేస్తే క్రిమి కనబడకపోవచ్చు. జబ్బు లోపల్లోపల పాకుతుంది, ఇంట్లో పిల్లలకు అంటుతుంది. పైగా మందులకు లొంగని క్షయ వస్తే వాడాల్సిన మందుల్లో ఇవే ముఖ్యమైనవి. దగ్గుకని వాడేస్తే అప్పటికి అవి పనిచేయకపోవచ్చు.

మిరపకాయల తొడిమలు తీసి, తాలుకాయలు ఏరే పనికి వెళ్లే ఒకామె అలాగే చిక్కింది. కళ్లంలో ఘాటుకు అందరూ దగ్గుతారు, కాబట్టి తన దగ్గును ఆమె లెక్కలోకి తీసుకోలేదు. ఎవరో ఐదు రోజులు లెవో ఇచ్చారు, నెమ్మదించింది. మళ్లీ వచ్చింది, మళ్లీ అదే ఇచ్చారు. మా షాపుకు వచ్చేసరికి జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. పనికి పోతే బరువు తగ్గరా అంటోంది. ట్రూనాట్ పరీక్షలో క్షయ అని తేలింది. మందులు ప్రభుత్వమే ఇచ్చింది, ఆరు నెలలు వాడింది. తిండికి నెలకు వెయ్యి రూపాయలు కూడా ఇస్తారు, 2024 నవంబరు దాకా అది ఐదొందలే. ఆమె కోలుకుంది. కానీ ఆ రెండు కోర్సుల కాలంలో ఆమె పక్కన కూర్చుని కాయలేరిన ఆడవాళ్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆమె దగ్గు మొదలైన తేదీ ఏ చీటీ మీదా లేదు. ఉండి ఉంటే రెండోసారి లెవో రాసే చెయ్యి ఆగేదని నా నమ్మకం.

అందుకే గడువు చెప్పడమంటే ఊరికే ఓపిక పట్టమనడం కాదు. ఎప్పటిదాకా ఆగాలో, ఎప్పుడు ఆగకూడదో రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. జలుబుతో మొదలై, జ్వరం పోయి, ఆయాసం లేకుండా, రోజురోజుకూ కొద్దికొద్దిగా తగ్గే దగ్గుకు మూడు వారాలు ఇవ్వొచ్చు. రెండు వారాలు నిండగానే కళ్లె పరీక్ష ఒకటి చేయించుకోవాలి, అందులో భయపడేదేమీ లేదు. జ్వరం మూడు రోజులు దాటి నూటొకటి, నూటరెండు ఉంటే, లేదా ఒకసారి పోయి మళ్లీ వస్తే, కూర్చున్నచోటే ఆయాసం వస్తే, ఊపిరి తీస్తే ఒక పక్క గుచ్చినట్టుంటే, కళ్లెలో రక్తం పడితే ఆ రోజే డాక్టర్ని కలవాలి. అది న్యుమోనియా కావచ్చు. న్యుమోనియాకు యాంటీబయాటిక్ ప్రాణం నిలబెట్టే మందు. ముసలివాళ్లకు జ్వరం కూడా రాకపోవచ్చు. మామ్మగారు ఉన్నట్టుండి మాట తడబడుతున్నా, అన్నం మానేసినా, మంచం దిగకపోయినా దగ్గుతో కూడా ముడిపెట్టి చూడాలి. ఆస్తమా, గుండెజబ్బు, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ మూడు వారాల లెక్క తమకు వర్తిస్తుందనుకోకుండా ముందే చూపించుకోవాలి. తెరలు తెరలుగా దగ్గి, ఊపిరి అందక, చివర్లో వాంతి చేసుకునే కోరింత దగ్గు వేరు. దానికి అజిత్రోమైసిన్ నిజంగా కావాలి. ఆ మందును దాచుకోమనేది ఇలాంటి వాటి కోసమే.

ఇంకొక దగ్గుంది, అది మందులషాపు వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడేవాళ్లలో కొందరికి గొంతులో ఈకపెట్టి కదిపినట్టు పొడిదగ్గు పట్టుకుంటుంది. నెలల తరబడి ఉంటుంది. ఏ సిరప్పుకూ పోదు. డాక్టరు ఆ గోలీ మార్చి వేరేది రాస్తే కొన్ని వారాల్లో పోతుంది. దగ్గుతో వచ్చినవాళ్లను మీరు రోజూ వేసుకునే గోలీలేమిటని అడగడం నా అలవాటు. అడగని చోటికి వెళితే మీరే చెప్పండి.

పిల్లల విషయంలో నాకు సర్దుబాటు లేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్పు తాగి పిల్లలు వరసగా చనిపోయారు. ఆ సీసాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉంది, కిడ్నీలు పాడయ్యాయి. తయారీదారుడిది నేరం, అది కోర్టులు చూసుకోవాలి. కానీ నన్ను ఎక్కువగా కలచివేసింది ఇంకొకటి. ఆ పిల్లల్లో చాలామందికి వచ్చింది మామూలు దగ్గు, జలుబు. సిరప్పు పోయకపోయినా పోయేది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు మామూలుగా అక్కర్లేదని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు రాష్ట్రాలకు చెప్పింది. ఇప్పటికీ చంకలో ఆర్నెల్ల పసివాణ్ని వేసుకొచ్చి సిరప్పు అడిగే తల్లులున్నారు. వాళ్లకు నేను చొక్కా పైకెత్తి చూపించమంటాను. డొక్కలు ఎగరేస్తున్నాడా, పాలు తాగుతున్నాడా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు? రెండు నెలలు నిండని బిడ్డకు అరవై, ఏడాదిలోపు బిడ్డకు యాభై, ఐదేళ్లలోపు బిడ్డకు నలభై. ఆ అంకెకు చేరినా దాటినా, డొక్కలు లోపలికి పోతున్నా సీసా కాదు, ఆసుపత్రి. అవేమీ లేకపోతే ముక్కులో ఉప్పునీటి చుక్కలు, తల్లిపాలు. ఏడాది దాటిన పిల్లలకు పడుకోబోయే ముందు చెంచాడు తేనె ఇవ్వొచ్చు. ఏడాదిలోపు తేనె నాకించడం మన ఇళ్లలో ఉంది, అది మానాలి. తేనెలో ఉండే ఒక క్రిమి విత్తనాలు ఆ వయసు పేగుల్లో మొలకెత్తి కండరాలు చచ్చుబడేలా చేయగలవు.

పెద్దవాళ్ల సిరప్పుల సంగతి కూడా చెప్పాలి. షెల్ఫులో ఉన్న చాలా సీసాల్లో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి. కళ్లెను కదిలించి బయటికి తెచ్చే మందూ, దగ్గునే అణిచే మందూ ఒకే సీసాలో ఉన్నవి ఉన్నాయి. ఒకటి తోస్తుంటే ఒకటి తలుపేస్తుంది. సాల్బుటమాల్ కలిసిన సిరప్పు తాగి చేతులు వణుకుతున్నాయని, గుండె దడదడలాడుతోందని భయపడి వచ్చేవాళ్లున్నారు. పిల్లికూతలు లేనివాళ్లకు అది అక్కర్లేదు. పిల్లికూతలు ఉంటే సీసా కన్నా డాక్టరు చూసి ఇచ్చే ఇన్‌హేలరే మేలు. జ్వరానికి, ఒళ్లునొప్పులకు పారాసిటమాల్ చాలు. జలుబు గోలీలో కూడా పారాసిటమాల్ ఉంటుందని గుర్తుపెట్టుకుని రెండూ కలిపి మింగకుండా ఉంటే కాలేయానికి మంచిది.

మరి ఏమి చేయాలమ్మా అంటే మన ఇళ్లలో ఉన్నదే. గోరువెచ్చని నీళ్లు, ఉప్పునీళ్లతో పుక్కిలింత, మిరియాల చారు, శొంఠి కాఫీ, పసుపు వేసిన పాలు. ఇవి వైరస్‌ను చంపవు, గొంతుకు హాయినిస్తాయి, ఆ మూడు వారాలు గడవడానికి కావలసింది అదే. అమృతాంజనం రాసుకుంటే ముక్కు తెరుచుకున్నట్టుంటుంది, రాసుకోండి. పసిపిల్లల ముక్కు దగ్గర మాత్రం కర్పూరం కలిసిన బామ్‌లు వద్దు. మరుగుతున్న గిన్నె మీద దుప్పటి కప్పి పిల్లలకు ఆవిరి పట్టడం అసలే వద్దు, ఒళ్లు కాలి ఆసుపత్రికి చేరిన పిల్లలున్నారు. చుట్ట, బీడీ, సిగరెట్ ఆ మూడు వారాలైనా మానేయాలి. కట్టెలపొయ్యి ఉన్న ఇంట్లో దగ్గే మనిషిని పొయ్యి దగ్గర కూర్చోనివ్వకూడదు. ఆ మనిషి సాధారణంగా ఇంటి ఆడదే అవుతుంది కాబట్టి, ఆ మూడు వారాలు వంట ఇంకొకరు చేయాలి.

ఇదంతా విని, రోజు కూలి పోగొట్టుకునేవాడికి మూడు వారాలు ఆగమని చెప్పడం తేలిక అనేవాళ్లున్నారు. పవరున్న మందు అడిగేది రేపు పనికి వెళ్లడానికి. ఆ తొందర న్యాయమైనది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ తొందరకు మనం అమ్ముతున్నది పనిచేయని వస్తువు. మేస్త్రి ఆ రెండు స్ట్రిప్పులకు పెట్టిన డబ్బుతో ఇంట్లోకి గుడ్లు, పాలు వచ్చేవి. దగ్గు అన్ని రోజులే ఉండేది. జ్వరం తగ్గాక, ఆయాసం లేకపోతే దగ్గుతూనే పనికి వెళ్లొచ్చు, ముఖానికి గుడ్డ కట్టుకుంటే చాలు అని ఆయనకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ భయం, ఆ ఖర్చు రెండూ ఉండేవి కావు.

చట్టం వైపు నుంచి కూడా ఒక లోటు ఉంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని గోలీలిచ్చామన్నది వేరే రిజిస్టర్లో రాయాలి, మూడేళ్లు దాచాలి. దగ్గుకు అన్నిటికన్నా ఎక్కువగా అడిగే అజిత్రోమైసిన్ ఆ జాబితాలో లేదు. చీటీ కావాలి గానీ రిజిస్టరు అక్కర్లేదు. అది హెచ్1లోకి రావాలి. స్ట్రిప్పు మీద ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా వాడొద్దని 2016లో కేంద్రం ప్రచారం చేసింది. ఆ గీత ఎందుకుందో మా దగ్గర కొనేవాళ్లలో ఎవరికీ తెలియదు. రిజిస్టరు పెట్టినంత మాత్రాన అంతా మారదని నాకు తెలుసు, పక్క షాపులో ఇస్తారన్న భయం ప్రతి షాపు వాడికీ ఉంటుంది. అందరికీ ఒకే నియమం, అందరి మీదా ఒకే తనిఖీ ఉంటే ఆ భయం సగం తగ్గుతుంది. ఇవ్వననడానికి మాకొక ఆధారం దొరుకుతుంది.

డాక్టర్లను, ఏఎన్ఎంలను, ఆర్ఎంపీలను కూడా నేను అడిగేది చాలా చిన్నది. దగ్గుతో వచ్చిన మనిషి చీటీ మీద మందులకన్నా పైన రెండు ముక్కలు రాయండి. దగ్గు మొదలైన తేదీ ఒకటి. మామూలుగా ఎప్పటికి తగ్గాలో ఆ తేదీ ఇంకొకటి. అందుకు అర నిమిషం కూడా పట్టదు. రోగి అది మడిచి జేబులో పెట్టుకుంటాడు, వారం తర్వాత దగ్గుతూ మా దగ్గరికే వస్తాడు. ఆ తేదీ చూసి, ఇంకా ఆగమనాలో, అదే రోజు కళ్లె పరీక్షకు పంపాలో, ఆటో ఎక్కించి ఆసుపత్రికి తోలాలో కౌంటర్ ఇవతల నుంచే నేను చెప్పగలను. తేదీ లేని చీటీతో చెప్పలేను.